డాష్‌బోర్డ్‌లో పచ్చగా ఉన్న కస్టమర్లే ఎందుకు వెళ్లిపోతున్నారు?

ప్రశ్న సారాంశం: నెల్లూరులో ఉంటాను. అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇన్నాళ్లూ సపోర్ట్‌లో చేశాను. ఈమధ్యే నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాలకు కస్టమర్ సక్సెస్ (ఉన్న కస్టమర్లు వదిలిపోకుండా చూసుకునే పని) లీడ్‌ని చేశారు. టీమ్‌లో ఆరుగురు. డాష్‌బోర్డ్‌లో పచ్చగా, అంటే అంతా బాగుందన్నట్టు కనిపించే కస్టమర్లే రెన్యువల్ టైమ్‌కి వద్దంటున్నారు. హైదరాబాద్ ఆఫీసు ఫీల్డ్ విజిట్లు తగ్గించి జూమ్‌లో కానిచ్చేయమంటోంది. టీమ్‌లో వయసులో, సర్వీసులో నాకంటే పెద్దాయన ఒకరు నా మాట వినడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మూడు అడిగారు. మొదటిదాని చిక్కు విప్పితే మిగతా రెండూ సగానికి సగం తేలిపోతాయి. అందుకని దాని మీదే ఎక్కువ రాస్తున్నాను. ఈ రెండు జిల్లాల్లోనే, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కే, మీరు ఇప్పుడు కూర్చున్న కుర్చీలో చాలా ఏళ్లు కూర్చున్నాను కాబట్టి చెప్పగలిగింది చెప్తాను.

మన దగ్గర సాఫ్ట్‌వేర్ కొనేది ఓనర్. వాడేది గుమాస్తా, లేదంటే కంప్యూటర్ ఆపరేటర్‌గా పెట్టుకున్న అమ్మాయి. బాగుందో లేదో తేల్చేది ఆడిటర్ గారు. మీ డాష్‌బోర్డ్‌కి మాత్రం ఈ ముగ్గురూ కలిపి ఒకే కస్టమర్ ఐడీ. లాగిన్ అయ్యారా, ఇన్‌వాయిస్‌లు కొట్టారా, టికెట్లు (సపోర్ట్‌కి పెట్టే ఫిర్యాదులు) ఎన్ని పెట్టారు, ఇవి చూసి రంగు వేస్తుంది. ఓనర్ రెన్యువల్ నాడు "ఈసారికి వద్దులే" అన్నాడంటే అది ఆ రోజు తీసుకున్న నిర్ణయం కాదు. సీజన్ మధ్యలో ఏదో ఒక రాత్రి గుమాస్తా విసుగెత్తి పక్కనున్న నోటుబుక్కు తెరిచాడు చూడండి, ఆ రాత్రే కస్టమర్ పోయాడు. మీకు తెలిసేసరికి ఆరేడు నెలలు పడుతుంది.

రైస్ మిల్లులో ఇది ఎలా జరుగుతుందో చెప్తాను. మీ లిస్టులో మిల్లులు కచ్చితంగా ఉంటాయి కదా.

బియ్యం అమ్మకం వైపు అంతా సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకన్నా తక్కువ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది, లోడు కదలాలంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. కాబట్టి రోజూ లాగిన్ ఉంటుంది, రోజూ బిల్లులుంటాయి, రంగు పచ్చగా ఉంటుంది. కొనుగోలు వైపు సంగతి వేరు. ధాన్యానికి జీఎస్టీ లేదు. రాసి తీరాలన్న ఒత్తిడి ఎవరూ పెట్టరు. మన నెల్లూరులో ధాన్యం బేరం పుట్టి లెక్క, పుట్టి అంటే 850 కిలోలు. మన సాఫ్ట్‌వేర్లలో ఉండేవి కిలో, క్వింటాల్, టన్ను.

పుట్టి 20 వేలు అనుకుందాం. కాటా మీద 8,500 కిలోలు తూగింది, అంటే సరిగ్గా పది పుట్లు, రెండు లక్షలు. ఇది దళారికీ తెలుసు, రైతుకీ తెలుసు, చీటీ మీదా అదే ఉంది. గుమాస్తా దీన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలంటే ముందు క్యాలిక్యులేటర్ తీసి 20 వేలని 8.5తో భాగించాలి. 2,352.94 వస్తుంది. ఆ రేటు కొట్టి, 85 క్వింటాళ్లు వేస్తే స్క్రీన్ మీద 1,99,999.90 పడుతుంది. పది పైసల తేడా. ఆ పది పైసలతో ఎవరికీ పని లేదు, కానీ సాయంత్రం ఓనర్ లెడ్జర్ చూసి "ఇదేందబ్బయా, రెండు లక్షలు కదా ఇచ్చింది?" అంటాడు. గుమాస్తా ఒకసారి సర్దిచెప్తాడు, రెండుసార్లు చెప్తాడు. మార్చిలో కోతలు మీదపడి గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరిన రోజున, తేమ కోత, హమాలీ, దళారి కమీషన్ అన్నీ కలిపి చూసుకోవాల్సిన రోజున, గుమాస్తా ఈ భాగహారాలు చేస్తూ కూర్చోడు. నోటుబుక్కులో రాసేసుకుంటాడు, "తర్వాత ఎక్కిద్దాంలే" అనుకుంటాడు. ఆ తర్వాత రాదు.

కొనుగోళ్లు ఎక్కకపోతే స్టాక్ రిపోర్టు తప్పు. స్టాక్ తప్పయితే లాభనష్టాలు తప్పు. ఓనర్ రిపోర్టులు చూడటం మానేస్తాడు. ఇక ఆయన దృష్టిలో మీది బిల్లు కొట్టే మిషన్. బిల్లు కొట్టడానికి అంత డబ్బు ఎందుకని అడుగుతాడు, న్యాయమే కదా!

దీనికి పరిష్కారం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉండే ఉంటుంది. ఐటమ్ మాస్టర్‌లో (సరుకుల వివరాలు పెట్టే చోట) ప్రత్యామ్నాయ యూనిట్‌గా పుట్టి పెట్టి, ఒక పుట్టి 850 కిలోలు అని ఇచ్చి, రేటు పుట్టి మీద, తూకం కిలోల మీద పడేలా అమర్చాలి. పది నిమిషాల పని. కానీ ఎవరో ఒకరు గుమాస్తా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటేనే ఆ క్యాలిక్యులేటర్ కంటపడుతుంది. జూమ్ కాల్‌లో గుమాస్తా స్క్రీన్ కనిపిస్తుంది, బల్ల మీదున్న నోటుబుక్కు కనిపించదు. హైదరాబాద్ వాళ్లకు మీరు చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

కాబట్టి మీ మొదటి నెల పని: డాష్‌బోర్డ్ పక్కన పెట్టి, టీమ్‌తో కలిసి మీ సొంత షీటు ఒకటి కట్టండి. ప్రతి కస్టమర్‌కి ఎన్ని బిల్లులు కొట్టాడని కాకుండా, ఆ వ్యాపారానికి ప్రాణమైన లెక్క మన దాంట్లో ఉందా, నోటుబుక్కులో ఉందా అన్నది రాయండి. మిల్లుకి అది ధాన్యం కొనుగోలు. రొయ్యల మేత డీలర్‌కి రైతువారీ, చెరువువారీ బాకీ. మేత అంతా అరువే కదా, పట్టుబడి అయి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) తేలి, కంపెనీ డబ్బులు వేశాకే డీలర్‌కి వస్తాయి. అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు వైపు డీలర్ల దగ్గర నేను చూసే గుర్తు ఒక్కటే ఉండేది: రైతుకి వాట్సాప్‌లో పంపే బాకీ స్టేట్‌మెంటు మన సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్తోందా, నోటుబుక్కు ఫోటో తీసి పంపుతున్నాడా? మన పీడీఎఫ్ వెళ్తుంటే ఆ డీలర్ మనల్ని వదలడు. ఎందుకంటే రైతులందరికీ ఆ కాగితం అలవాటైపోయింది. చీమకుర్తి గ్రానైట్ వాళ్లకు బ్లాకు కొలతలు, ఏ బ్లాకు నుంచి ఎన్ని చదరపు అడుగుల స్లాబులు దిగాయన్న లెక్క. మెడికల్ షాపుకి ఎక్స్‌పైరీ, బ్యాచ్. ఇలా ఒక్కో వ్యాపారానికి ఒక్కో ప్రాణం. అది మన దగ్గర లేకపోతే డాష్‌బోర్డ్ ఏ రంగు చూపించినా ఆ కస్టమర్ ఎరుపే.

ఇంకో గుర్తు ఆపరేటర్ మారడం. నా అనుభవంలో కస్టమర్లు జారిపోయేది ఇక్కడే ఎక్కువ. ఆ అమ్మాయికి పెళ్లయి ఊరు మారుతుంది, లేదా గుమాస్తా ఇంకో మిల్లుకి పోతాడు. కొత్తగా వచ్చినవాళ్లు పాత చోట వేరే సాఫ్ట్‌వేర్‌కి అలవాటు పడి ఉంటారు. "సార్, ఇది కష్టంగా ఉంది, అదైతే ఈజీ" అని ఓనర్ చెవిలో ఒక్క మాట వేస్తే చాలు. పాస్‌వర్డ్ రీసెట్ అడిగారు, ఎన్నాళ్లుగానో వాడుతున్న చోట నుంచి వోచర్ ఎలా కొట్టాలన్న ఫోన్ వచ్చింది, పగలు లాగిన్ అయ్యేవాళ్లు రాత్రిళ్లు అవుతున్నారు అంటే మనిషి మారినట్టే. వారంలోగా కొత్తవాళ్లకి శిక్షణ అయిపోవాలి. సపోర్ట్ టికెట్‌గా వచ్చిన పాస్‌వర్డ్ రీసెట్‌ని సపోర్ట్ వాళ్లు రెండు నిమిషాల్లో మూసేసి మంచి మార్కులు కొట్టేస్తారు. అది మీ టీమ్‌కి కూడా చేరేలా ఏర్పాటు చేసుకోండి.

ఆడిటర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒంగోలులోనో నెల్లూరులోనో ఒక్క ఆడిటర్ ఆఫీసు వెనక మీ కస్టమర్లు పదుల్లో ఉంటారు. అక్కడ జీఎస్టీ చూసే అసిస్టెంట్ కుర్రాడికి మీ సాఫ్ట్‌వేర్ నుంచి జేసన్ ఫైలు (జీఎస్టీ పోర్టల్‌లో ఎక్కించే ఫైలు) శుభ్రంగా రాకపోతే, గడువు రోజైన పదకొండో తారీఖు రాత్రి పోర్టల్ ఎర్రర్ చూపిస్తే, మర్నాడు ఆ ఆడిటర్ తన కస్టమర్లందరికీ ఒకటే సలహా ఇస్తాడు, సాఫ్ట్‌వేర్ మార్చేయమని. 2025 మే నెల రిటర్నుల నుంచి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) పన్నెండో టేబుల్‌లో హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్) వివరాలు బీటుబీ (వ్యాపారులకు అమ్మినవి), బీటుసీ (మామూలు కొనుగోలుదారులకు అమ్మినవి) అని విడివిడిగా ఇవ్వాల్సి వచ్చింది కదా. అలాంటి మార్పు వచ్చినప్పుడు మీరు ముందు ఫోన్ చేయాల్సింది కస్టమర్లకు కాదు, ఈ అసిస్టెంట్లకు. ఒక్క ఆఫీసులో గంట కూర్చుని ఫైలు పాస్ అయ్యేదాకా చూస్తే, పది పదిహేను షాపుల ఫోన్లు తప్పుతాయి.

క్యాలెండర్ సంగతి. కంపెనీకి క్వార్టర్లుంటాయి, మన కస్టమర్లకు సీజన్లుంటాయి. హెడ్డాఫీసు మార్చిలో రెన్యువల్స్, అప్‌సెల్ (ఉన్న కస్టమర్‌కి ఇంకా ఎక్కువ అమ్మడం) అని తొందరపెడుతుంది. అదే మార్చి, ఏప్రిల్‌లో మిల్లు ఓనర్ చేతిలో ఉన్న డబ్బంతా ధాన్యం మీద పెట్టి ఉంటాడు, ఫోన్ కూడా ఎత్తడు. ఎడగారు (రెండో పంట) ధాన్యం వచ్చేటప్పుడూ అదే పరిస్థితి. ఉమ్మడి ప్రకాశంలో టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వైపు ఎరువుల షాపుల వాళ్ల బాకీలు వసూలయ్యేది పొగాకు వేలం డబ్బులు పడ్డాకే. వేలానికి ముందు వెళ్లి రెన్యువల్ అడిగితే పొగాకు రేటు గురించి గంటసేపు విని రావాలి, అంతే. అందుకని రెన్యువల్ తేదీని వ్యాపారం చేతిలో డబ్బు ఆడే నెలకి జరపండి. రెండు మూడు నెలలకు దామాషా లెక్కన బిల్లు వేసి తేదీ మార్చడానికి ఫైనాన్స్ వాళ్లు మొదట ఒప్పుకోరు. అడుగుతూనే ఉండండి. బలవంతపు డిస్కౌంట్లతో పోలిస్తే కంపెనీకి ఇదే చవక.

డిస్కౌంట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆఖరి రోజు తగ్గించి రెన్యువల్ లాక్కునే అలవాటు టీమ్‌కి చేయకండి. స్టోన్‌హౌస్‌పేటలో పొద్దున ఒక షాపుకి తగ్గిస్తే సాయంత్రానికి వీధి మొత్తానికీ తెలుస్తుంది. మర్నాడు అందరూ "నాకేం తక్కువ?" అంటారు.

నెలలో 8 నుంచి 11 వరకూ, 18 నుంచి 20 వరకూ జీఎస్టీ రిటర్నుల గడువు రోజులు కాబట్టి టీమ్‌లో ఎవరికీ సెలవులు, ట్రైనింగ్‌లు, ఊరి ప్రయాణాలు పెట్టకండి. సంక్రాంతికీ, రొట్టెల పండగకీ నెల్లూరులో విజిట్లు పెట్టకండి. ఇవి మీకు తెలిసినవే. హైదరాబాద్‌లో ప్లాన్ వేసేవాళ్లకు తెలియవు, అంతే.

ముందుగానే కదలడం అంటే ఎలా ఉంటుందో ఈమధ్య జరిగింది ఒకటి చూడండి. జీఎస్టీ రేట్ల మార్పు 2025 సెప్టెంబర్ 3న ప్రకటించారు, 22 నుంచి అమల్లోకి వచ్చింది. మధ్యలో మూడు వారాలు కూడా లేదు. చాలా మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి, గ్రానైట్ బ్లాకులూ అంతే. స్లాబులు మాత్రం 18లోనే ఉన్నాయి. ఇలాంటప్పుడు ఆరుగురూ ఫోన్ల దగ్గర కూర్చుని అందరికీ ఒకే మెసేజ్ పంపితే లాభం లేదు. మెడికల్ షాపుకి 21 రాత్రికి షెల్ఫులో ఉన్న పాత స్టాకు, పాత ఎంఆర్‌పీ సంగతి తేలాలి. గ్రానైట్ వాళ్లకు బ్లాకుకి ఒక రేటు, స్లాబుకి ఒక రేటు పడేలా ఐటమ్స్ విడదీయాలి. మిల్లుకి పెద్దగా ఏమీ లేదు, "మీకేం మారలేదు, నిశ్చింతగా ఉండండి" అని ఒక ఫోన్ చాలు. ఆ ఫోన్ విలువ ఎంతో మీరు ఊహించలేరు. సమస్య లేదని చెప్పడానికి ఫోన్ చేసేవాళ్లు ఎవరుంటారు చెప్పండి? అలా వ్యాపారాన్ని బట్టి లిస్టు విడగొట్టి, ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని వరస పెట్టడమే లీడ్ పని. మిగతాది టీమ్ చేసుకుంటుంది.

ఇక్కడి నుంచే టీమ్‌ని పంచే పద్ధతీ వస్తుంది. మండలాల లెక్కన పంచితే ప్రతివాడికీ మిల్లులు, చెరువులు, మెడికల్స్ అన్నీ కొంచెం కొంచెం తెలుస్తాయి, ఏదీ పూర్తిగా తెలియదు. వ్యాపారాల లెక్కన పంచండి. మిల్లులు చూసేవాడికి ఏడాది తిరిగేసరికి ఓనర్ కంటే ముందు ఇబ్బంది ఎక్కడ వస్తుందో తెలిసిపోతుంది. ఉమ్మడి ప్రకాశం పశ్చిమ ప్రాంతం మాత్రం దీనికి మినహాయింపు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఒంగోలు నుంచి రానూపోనూ రోజు గడిచిపోతుంది. అక్కడ స్థానికంగా ఒక మనిషిని పెట్టి, అన్ని వ్యాపారాలూ ఆయనకే అప్పగించండి.

మనుషుల్ని తీసుకునేటప్పుడు కూడా, ఇంగ్లిష్ బాగా మాట్లాడే బీటెక్ కుర్రాడికంటే ఫీడ్ డీలర్ దగ్గర రెండేళ్లు లెక్కలు రాసిన బీకామ్ అమ్మాయే ఈ పనికి నయం. సాఫ్ట్‌వేర్ నేర్పడానికి నెల చాలు. బాకీ వసూలు బాధ నేర్పాలంటే నెలలు చాలవు.

ఫోన్ల విషయం చిన్నదే గానీ ముఖ్యం. మన కస్టమర్లు టికెట్ పెట్టరు, తెలిసిన మనిషికి ఫోన్ చేస్తారు. వద్దని పోరాడకండి. కంపెనీ సిమ్ ఇప్పించండి, మనిషి చెన్నైకో బెంగళూరుకో ఉద్యోగం మారినా నంబరు మీ దగ్గరే ఉంటుంది. వచ్చిన ఫోన్లు సాయంత్రం ఆరులోపు టికెట్లుగా ఎక్కాలి, ఆ ఒక్కదాంట్లో మాత్రం సర్దుకుపోకండి. ఎక్కకపోతే హైదరాబాద్ లెక్కల్లో మీ టీమ్ ఖాళీగా ఉన్నట్టే.

వానల సంగతి కూడా ఒక ముక్క. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, హైవే ఆగిపోయినప్పుడు ఎవరూ ఎక్కడికీ వెళ్లలేని పరిస్థితి. కంప్యూటర్లన్నీ కింద గదుల్లోనే ఉంటాయి. అక్టోబర్ నెలలో ప్రతి డెస్క్‌టాప్ కస్టమర్ బ్యాకప్ నిజంగా వెనక్కి తెరుచుకుంటోందా లేదా అని చూడటం మీ టీమ్ పనుల్లో చేర్చండి. బ్యాకప్ తీశారా అని అడిగితే తీశామంటారు. తెరిచి చూపించమనండి.

ఇక విజిట్లు. హైదరాబాద్ వాళ్లు పూర్తిగా తప్పు మాట్లాడటం లేదు. కొత్త ఆపరేటర్‌కి వోచర్లు నేర్పడం, రిపోర్టు ఫార్మాటు మార్చడం, ఇవన్నీ ఎనీడెస్క్‌లో (దూరం నుంచే కస్టమర్ కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) హాయిగా అయిపోతాయి. వాటికి కావలి దాకా బండి వేసుకుని వెళ్లి టీ తాగి రావడం దండగే. అవి మీరే తగ్గించి చూపించండి. బదులుగా మూడు సందర్భాలకు విజిట్ ఉండి తీరాలని పట్టుబట్టండి: కొత్త కస్టమర్ మొదటి సీజన్, ఆపరేటర్ మారినప్పుడు, రెన్యువల్‌కి మూడు నెలల ముందు. వాళ్లతో డబ్బు భాషలో మాట్లాడండి. ఏడాది మొదట్లో మీ చేతిలో ఉన్న కస్టమర్ల రెన్యువల్ విలువ 40 లక్షలు అనుకుందాం. అందులో 6 లక్షలవి పోతే నిలిచింది 85 శాతం. కొత్తగా ఎంత అమ్మినా ఈ అంకె మారదు. పోయిన ఆ 6 లక్షల్లో మిల్లులవెన్ని, మెడికల్స్‌వెన్ని, ఆఖరి ఆరు నెలల్లో ఎవరైనా వెళ్లి చూశారా లేదా అని పక్కన ఒక కాలమ్ పెట్టండి. ఆ కాలమ్ మీ తరఫున వాదిస్తుంది.

ప్రోడక్ట్ టీమ్‌కి కూడా అంతే. "కస్టమర్లు పుట్టి యూనిట్ అడుగుతున్నారు" అని మెయిల్ పెడితే అది వందో కోరికగా క్యూలో పడుతుంది. గుమాస్తా క్యాలిక్యులేటర్‌లో భాగించి, స్క్రీన్ మీద పది పైసలు తక్కువ రావడం చూసి, నోటుబుక్కు తీసేదాకా ఆయన అనుమతితో ఒక నిమిషం వీడియో తీసి, కింద ఎన్ని మిల్లులు, ఎంత రెన్యువల్ అని రెండు లైన్లు రాయండి. వాళ్లు తేదీ చెప్పేదాకా మీరు మాత్రం కస్టమర్‌కి తేదీ చెప్పకండి. "వచ్చే నెల వస్తుంది" అన్న మాటను మన ఓనర్లు మీ పేరుతో సహా గుర్తుపెట్టుకుంటారు.

చివరిగా మీ టీమ్‌లోని పెద్దాయన. నిన్నటిదాకా అన్నా అని పిలిచినవాడు ఇవాళ రివ్యూ చేస్తుంటే ఎవరికైనా గొంతు దిగదు. అన్నా అనే పిలవండి, అది మార్చకండి. ఆయన్ను అందరి ముందు అంకెలు అడగకండి, విడిగా అడగండి. ఇంకో పని: ఆడిటర్ ఆఫీసులు మొత్తం ఆయనకి అప్పగించండి. అంత సర్వీసు ఉన్న మనిషికి సగం మంది ఆడిటర్లు పేరుతో తెలిసి ఉంటారు, ఆయన వెళ్తే కుర్చీ వేస్తారు, మీరు వెళ్తే బయట కూర్చోబెడతారు. ఆ పనికి లెక్క కూడా వేరుగా పెట్టండి, ఏ ఆఫీసు కస్టమర్లలో ఎంతమంది నిలిచారన్నది. అప్పుడు మీకూ ఆయనకూ మధ్య వాదన మీ పదవి గురించి కాకుండా ఆ అంకె గురించి నడుస్తుంది. రెండు క్వార్టర్లు చూడండి. అప్పటికీ ఫోన్లు టికెట్లుగా ఎక్కించకుండా, మీటింగులకు రాకుండా ఉంటే మీ మేనేజర్‌ని కూర్చోబెట్టి ముగ్గురూ మాట్లాడుకోండి. టీమ్‌లో మిగతా ఐదుగురూ అప్పటిదాకా మీరేం చేస్తారా అని చూస్తూనే ఉంటారు, కాబట్టి మూడో క్వార్టర్ దాకా సాగదీయకండి.